ఏడు నుంచి ఐదుకు

నొప్పి చికిత్స కేంద్రానికి వెళ్లిన ప్రతిసారీ మొదట అడిగే ప్రశ్న ఒకటే. "సున్నా అంటే నొప్పి లేదు. పది అంటే అంతకు మించిన నొప్పి ఊహకు అందదు. ఈ వారం మీది ఎంత?" ఏడాదిన్నర కిందట నా జవాబు ఏడు. ఇప్పుడు ఐదు. ఈ మధ్యకాలంలో నేను వాడింది వైద్యులు రాసిచ్చిన గంజాయి నూనె. తేడా రెండే కదా అని అడిగినవాళ్లున్నారు. ఆ రెండు కోసం ఏమేమి చేశానో, ఏమి వదులుకున్నానో, ఏమి దొరికిందో ఉన్నదున్నట్టు చెప్పాలని ఇది రాస్తున్నాను. ఈ మందు గురించి నాకు వినిపించిన మాటల్లో సగం దాన్ని సంజీవని అన్నాయి, తక్కిన సగం సర్వనాశనం అన్నాయి. నా రాత్రులు ఆ రెండింటిలోనూ లేవు.

నాకు వచ్చింది సర్పి. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు ఒంట్లో చేరిన వైరస్ నరాల మొదళ్లలో దాక్కుని, దశాబ్దాల తరువాత లేస్తే వచ్చేది అదే. వీపు కుడి వైపు మొదలై రొమ్ము కిందికి పట్టీ కట్టినట్టు పొక్కులు వచ్చాయి. మొదట చూసిన వైద్యుడు అలర్జీ అన్నారు. వైరస్‌ను అణిచే మాత్రలు దద్దుర్లు కనిపించిన 72 గంటల్లోపు మొదలుపెడితే ఎక్కువ మేలు. నాకు అవి అందింది ఆరో రోజున. 50 ఏళ్లు దాటినవారికి సర్పి రాకుండా టీకా ఉందని అప్పటికి నాకు తెలియదు. చదువుతున్నవారిలో ఆ వయసువారుంటే దయచేసి మీ వైద్యుణ్ణి దాని గురించి అడగండి. ఈ ఒక్క వాక్యం కోసమైనా నా బాధ ఎవరికో పనికొస్తే చాలు.

మూడు వారాల్లో పొక్కులు మాడిపోయాయి. నొప్పి మాత్రం ఉండిపోయింది. మూడు నెలలు దాటినా వదలని నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. నాది నరాల నొప్పి. డాక్టరు గారు దాని తీరు అడిగినప్పుడు మన భాషలో నొప్పికి ఇన్ని పేర్లున్నందుకు సంతోషించాను. అది సలుపు కాదు, పోటు కాదు. ఎప్పుడూ ఉండే మంట, దాని మీద రోజుకు పదిహేనుసార్లు కరెంటు తగిలినట్టు ఒక చురుకు. అరచేత్తో గట్టిగా అదిమిపడితే కాస్త ఊరట. పలుచని నూలు బట్ట రాసుకుంటే, ఫ్యాను గాలి తగిలితే, ప్రాణం పోయినంత పని అయ్యేది. తాకరాని చోటును తాకకుండా బతకడమెలాగో నేర్చుకోవడంలోనే నా రోజు గడిచిపోయేది. రాత్రి గంటన్నరకోసారి మెలకువ వచ్చేది.

వాడని మందు లేదు. అమిట్రిప్టిలిన్ నోరు ఎండబెట్టింది గాని కొంత నిద్ర ఇచ్చింది. ప్రీగాబలిన్ మోతాదు పెంచిన కొద్దీ పాదాలు వాచాయి, మెట్లు దిగుతుంటే తూలు వచ్చేది. లిడోకైన్ పట్టీలు అతికించినంతసేపు పనిచేసేవి. ట్రమడాల్ పది రోజుల్లో మానేశాను. వాంతులు తట్టుకోలేకపోయాను.

అప్పుడు డాక్టరు గారు అడిగారు. "వైద్యానికి వాడే గంజాయి గురించి ఎప్పుడైనా ఆలోచించారా?"

ఆ మాట చెవిన పడగానే నాకు కలిగింది సిగ్గు. తులసి వనంలో గంజాయి మొక్క అని చెడిపోయినవాణ్ణి తిట్టే సామెతతో పెరిగినవాళ్లం. ఆ మొక్కే నా మందుల చీటీలోకి వస్తుందంటే మనసు ఒప్పుకోలేదు. ఆమె తొందరపెట్టలేదు. నేనున్న చోట నిపుణుల చీటీ మీద చట్టం దీన్ని అనుమతిస్తుందనీ, చట్టం ఒప్పుకోని చోట దగ్గర ఉంచుకోవడమే నేరమనీ ముందే స్పష్టంగా చెప్పారు. తరువాత ప్రశ్నల చిట్టా ఇచ్చి ఇంటికి పంపారు. గుండె జబ్బు ఉందా, కాలేయం ఎలా ఉంది, వాడుతున్న మందులన్నీ ఏమిటి, ఉద్యోగంలో యంత్రాలు నడపాలా, గతంలో దేనికైనా అలవాటు పడ్డారా. వాటిలో ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను. కుటుంబంలో ఎవరికైనా స్కిజోఫ్రీనియా వంటి మానసిక వ్యాధి ఉందా?

మా బాబాయి ఒకాయన ఉండేవారు. చిన్న వయసులోనే పోయారు. ఆయనకు ఏమిటో 'ఉండేదని' పెద్దవాళ్లు గొంతు తగ్గించి అనుకోవడం గుర్తుంది. ఏమిటో ఎవరూ చెప్పలేదు. అక్కకు ఫోను చేశాను.

"గంజాయా? నువ్వా?" అంది అక్క. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

"మందుగా అక్కా. రాత్రిపూట కొన్ని చుక్కలు. ముందు బాబాయి సంగతి చెప్పు. ఆయనకు పిచ్చా?"

"పిచ్చి కాదు, మూర్ఛ. ఇంట్లో ఆడపిల్లలకు సంబంధాలు రావని దాచారు. అమ్మ నాకు చివరి రోజుల్లో చెప్పింది."

నలభై ఏళ్లు దాచిన మాట ఒక వైద్య పత్రం నింపడానికి బయటికి వచ్చింది. మానసిక వ్యాధి ఉన్న కుటుంబాల్లో ఈ మొక్కలోని మత్తు పదార్థం ఆ వ్యాధిని రేపే ప్రమాదం ఉంది కాబట్టి ఆ ప్రశ్న తప్పనిసరి. మూర్ఛ విషయంలో అలా కాదు. ఇదే మొక్కలోని మరో పదార్థమైన సీబీడీని పిల్లల్లో వచ్చే రెండు రకాల తీవ్రమైన మూర్ఛలకు మందుగా 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించింది. ఆ సంగతి డాక్టరు గారి నోట విన్న రోజు బాబాయి చాలాసేపు గుర్తొచ్చారు.

ఇక్కడ ఆ మొక్క గురించి నేను నేర్చుకున్నది కొంత చెప్పాలి. పాశ్చాత్య వైద్యానికి దీన్ని పరిచయం చేసింది 1839లో కలకత్తాలో పనిచేస్తున్న ఐరిష్ వైద్యుడు విలియం ఓషానెసీ. కీళ్లవాతం, ధనుర్వాతం ఉన్న రోగులకు దీని సారం ఇచ్చి చూసి, ఫలితాలు ప్రచురించారు. మత్తు కలిగించే టీహెచ్‌సీని 1964లో ఇజ్రాయెల్‌లో రాఫెల్ మెషూలం, యెహియెల్ గావొని వేరుచేశారు. మన మెదడులో ఇది అతుక్కునే గ్రాహకం నిర్మాణం 1990లో తెలిసింది. మన ఒంట్లోనే తయారై ఆ గ్రాహకానికి అతుక్కునే పదార్థం 1992లో దొరికింది. దానికి సంస్కృతంలోని ఆనందాన్ని తీసుకుని ఆనందమైడ్ అని పేరు పెట్టారు. ఒక నరకణం మరో నరకణానికి నొప్పి కబురు అందించే చోట ఈ గ్రాహకాలు ఉంటాయి. టీహెచ్‌సీ వాటికి అతుక్కుంటే కబురు మోసే రసాయనాల విడుదల తగ్గుతుంది. సీబీడీ ఆ గ్రాహకాలకు అంతగా అతుక్కోదు, మత్తు కలిగించదు.

మొదలుపెట్టే ముందు డాక్టరు గారు నాతో మూడు లక్ష్యాలు రాయించారు. 'నొప్పి పోవాలి' అని రాస్తే కొట్టేశారు. "అది రాస్తే ఏ మందూ పనిచేయదు. మీరు చేయలేకపోతున్న పనులు రాయండి." వరసగా నాలుగు గంటలు నిద్రపోవడం, పగలంతా మామూలు బట్టలు వేసుకోవడం, గంటసేపు కుర్చీలో కూర్చుని పనిచేయడం అని రాశాను. మూడు నెలల్లో ఈ మూడింటిలో చెప్పుకోదగ్గ మార్పు రాకపోతే మందు ఆపేస్తామని కింద సంతకం పెట్టాను. ఆ షరతు నాకు నచ్చింది. ఇంతకుముందు ఏ మందుకూ ఎప్పుడు ఆపాలో ఎవరూ చెప్పలేదు.

పొగ పీల్చడం వద్దన్నారు. ఊపిరితిత్తులకు చెరుపు, పైగా ప్రభావం నిమిషాల్లో వచ్చి రెండు మూడు గంటల్లో పోతుంది. నాకు కావలసింది రాత్రంతా నిలిచేది. అందుకే నూనె. మొదటి మూడు వారాలు సీబీడీ మాత్రమే ఉన్న నూనె వేసుకున్నాను. కడుపు కాస్త జారింది తప్ప నొప్పిలో ఏ మార్పూ లేదు. తరువాత రెండూ సమానంగా ఉన్న సీసా ఇచ్చారు. ఒక మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ, 10 మిల్లీగ్రాముల సీబీడీ. సూది లేని సిరంజితో పావు మిల్లీలీటరు, అంటే 2.5 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ, పడుకోవడానికి గంటన్నర ముందు. వారం తరువాత ఇంకో పావు. తక్కువతో మొదలుపెట్టు, నెమ్మదిగా పెంచు అన్నదే సూత్రం. అమిట్రిప్టిలిన్, ఇది, రెండూ మత్తిచ్చేవే కాబట్టి అమిట్రిప్టిలిన్ మోతాదు సగం చేశారు. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వంటి మందులు వాడేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. సీబీడీ వల్ల ఒంట్లో వాటి పరిమాణం పెరుగుతుంది.

ఈ సీసా మొదలుపెట్టిన రెండో వారంలో తప్పు చేశాను. ఆ రోజు పొద్దుటి నుంచి మంట ఎనిమిది దాటింది. రాత్రి అర మిల్లీలీటరు వేసుకున్నాను. ముప్పావు గంట గడిచినా ఏమీ కాలేదు. మంచం మీద కూర్చుని చీకట్లో సీసా వైపు చూస్తూ, ఇది కూడా మిగతావాటిలాగే అనుకున్నాను. మరో ముప్పావు మిల్లీలీటరు వేసేసుకున్నాను. గంట తరువాత రెండూ కలిసి వచ్చాయి. గుండె దడదడ కొట్టుకుంది. నోట్లో తడి లేదు. గోడ గడియారంలో ముల్లు కదలడం లేదనిపించింది. నేను నిమిషం అనుకున్నది చూస్తే పది సెకన్లు. చచ్చిపోతున్నానన్న నమ్మకం ఎక్కడి నుంచో వచ్చి ఛాతీ మీద కూర్చుంది. ఇంట్లో వాళ్లను లేపాను. నా చెయ్యి పట్టుకుని, "ఊపిరి నాతో పాటు తీసుకో" అంటూ తెల్లవారే దాకా పక్కనే ఉన్నారు. విచిత్రం ఏమిటంటే ఆ రాత్రంతా మంట గుర్తు రాలేదు. కానీ అలాంటి ఉపశమనం నాకు మళ్లీ ఎప్పటికీ వద్దు.

మర్నాడు ఫోను చేసి జరిగింది దాచకుండా చెప్పాను. డాక్టరు గారు కోప్పడలేదు. మింగిన మందు పొట్ట దాటి కాలేయానికి చేరుతుందనీ, అక్కడ టీహెచ్‌సీ మెదడుపై గట్టిగా పనిచేసే మరో రూపంలోకి మారుతుందనీ, ఇదంతా జరగడానికి గంట నుంచి రెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుందనీ, ఒకసారి వచ్చాక ఆరు నుంచి ఎనిమిది గంటలు ఉంటుందనీ వివరించారు. "రెండో మోతాదు అదే రాత్రి వేసుకోకండి. నొప్పి ఎంత ఉన్నా సరే. అంకె పుస్తకంలో రాసి, పొద్దున నాకు చెప్పండి." ఆ తరువాత సీసాను బీరువాలో తాళం వేసి, రోజుకు సరిపడా సిరంజిలో నింపి బయట పెట్టే బాధ్యత ఇంట్లో వాళ్లకు అప్పగించాను. నూనె మొదలుపెట్టే ఎవరికైనా ఇదే చెబుతాను. బాధలో ఉన్న మనిషి చేతికి సీసా అందుబాటులో ఉండకూడదు.

పది రోజులు విరామం ఇచ్చి మళ్లీ పావు నుంచి మొదలుపెట్టాం. ఆరో వారానికి ముప్పావు మిల్లీలీటరు దగ్గర, అంటే 7.5 మిల్లీగ్రాముల దగ్గర ఆగాం. ఒకరోజు పొద్దున ఇంట్లో వాళ్లు అన్నారు. "రాత్రి నువ్వు కుడి వైపు ఒత్తిగిలి పడుకున్నావు, తెలుసా?" నాకు తెలియదు. పదకొండు నెలలుగా ఆ వైపు పడుకోలేదు. పుస్తకం తీసి చూసుకుంటే ఆ రాత్రి నాలుగున్నర గంటలు ఏకబిగిన నిద్రపోయానని తేలింది.

ఆ పుస్తకంలో డాక్టరు గారు రెండు గడులు గీయించారు. ఒకటి నొప్పి తీవ్రత, రెండోది ఆ నొప్పి పెట్టిన బాధ. రెండూ ఒకటే కదా అన్నాను. కాదని నెల తిరిగేసరికి నాకే అర్థమైంది. తీవ్రత ఏడు నుంచి ఆరుకు, కొన్నాళ్లకు ఐదుకు మెల్లగా దిగింది. బాధ అంతకంటే ముందే నాలుగుకు వచ్చింది. మంట ఉన్నచోటే ఉంది, నన్ను మాటిమాటికీ పిలవడం తగ్గించింది. 2013లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న 12 మంది పురుషుల కాళ్లకు మిరపలోని కారం పదార్థం పూసి, టీహెచ్‌సీ ఇచ్చి చూశారట. నొప్పి తీవ్రత పెద్దగా మారలేదు గాని అది కలిగించే బాధ తగ్గిందని వారిలో కనిపించింది, అదీ మనిషి మనిషికీ తేడాగా. నా పుస్తకంలో రెండు గడులూ విడిపోయిన తీరు చూశాక ఆ మాట నాకు కొత్తగా అనిపించలేదు.

పోగొట్టుకున్నవి కూడా చెప్పాలి. పొద్దున తొమ్మిదింటి దాకా తల మబ్బుగా ఉంటుంది. మాట్లాడుతుంటే తెలిసిన పేరే నాలుక చివర ఆగిపోతుంది. కారు నడపడం మానేశాను. ఇది నన్ను చాలా కుంగదీసింది. ఇరవై ఏళ్లుగా ఎవరినీ అడగకుండా తిరిగిన మనిషిని, ఇప్పుడు ప్రతిచోటికీ ఎవరో ఒకరు దింపాలి. మత్తు దిగిన తరువాత కూడా టీహెచ్‌సీ ఆనవాళ్లు రక్తంలో, మూత్రంలో రోజుల తరబడి, రోజూ వాడేవారిలో వారాల తరబడి కనిపిస్తాయి. ఉద్యోగాల్లో పరీక్షలు ఉండేవారు ముందే ఆలోచించుకోవాలి.

ఐదో నెలలో సరిహద్దు దాటి ఒక శుభకార్యానికి వెళ్లాల్సి వచ్చింది. వైద్యుల చీటీ ఉన్నా ఈ మందును ఒక దేశం నుంచి మరో దేశానికి తీసుకువెళ్లడం నేరం కావచ్చు. అందుకని పన్నెండు రోజులు మానేశాను. మొదటి మూడు రాత్రులు నిద్ర లేదు, పట్టిన కాస్త నిద్రలోనూ కలలు కళ్లకు కట్టినట్టు వచ్చాయి. నొప్పి తిరిగొచ్చిందనుకున్నాను. కానీ పుస్తకంలో అంకె ఐదే ఉంది. అది మందు మానినందుకు ఒళ్లు చేసిన గొడవ. రోజూ టీహెచ్‌సీ వాడి ఒక్కసారిగా ఆపితే నిద్ర చెడటం, కలలు, చిరాకు మామూలే. అంకె ఆరున్నరకు ఎక్కింది ఏడో రోజున. ఈ రెండింటినీ వేరుచేసి చూడగలిగినందుకు ఆ పుస్తకానికి రుణపడి ఉన్నాను. లేకపోతే మొదటి రాత్రే 'చూశావా, మందు లేకపోతే నొప్పి ఎంత పెరిగిందో' అనుకుని, మందు నిజంగా చేసినదానికంటే ఎక్కువ పేరు దానికి ఇచ్చేదాకా పోయేది.

ఇక నిపుణుల మాట. వారిలోనే ఏకాభిప్రాయం లేదని డాక్టరు గారు మొదటి రోజే చెప్పారు. పెద్దవారిలో దీర్ఘకాలిక నొప్పికి ఇది పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం ఉందని 2017లో అమెరికా జాతీయ అకాడమీల నివేదిక అంది. నొప్పి అధ్యయనానికి ఉన్న అంతర్జాతీయ సంఘం 2021లో, ఉన్న ఆధారాలు చాలవు, మేము దీన్ని సమర్థించలేం అంది. అదే ఏడాది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సిఫారసు మధ్యేమార్గంగా, మామూలు చికిత్సతో చాలని వారికి పొగ రూపంలో కాకుండా ఇచ్చి చూడవచ్చంది, అదీ బలహీనమైన సిఫారసుగా. దాని లెక్క ప్రకారం ఉత్తుత్తి మందు తీసుకున్నవారితో పోలిస్తే, ఇది తీసుకున్నవారిలో నూటికి పదిమందికి మాత్రమే అదనంగా, తమకు తెలిసేంత నొప్పి తగ్గుతుంది. బ్రిటన్‌లో 2018 నవంబరు నుంచి నిపుణులు దీన్ని రాయడానికి చట్టం ఒప్పుకుంది. అయినా ఏడాది తిరిగేసరికి అక్కడి వైద్య మార్గదర్శకాల సంస్థ దీర్ఘకాలిక నొప్పికి టీహెచ్‌సీ ఇవ్వవద్దంది. నేను ఆ పదిమందిలో ఒకరినా, ఉత్తుత్తి మందుతోనూ కుదుటపడే మనిషినా? నిజాయితీగా చెప్పాలంటే ఒక్క మనిషి అనుభవంతో అది తేలదు.

అందుకే చీటీ లేకుండా ఎవరో అమ్మే సీసాలు కొని, నా అనుభవాన్ని ఆధారంగా చూపకండి. 2017లో ఆన్‌లైన్‌లో అమ్మే 84 సీబీడీ ఉత్పత్తులను పరీక్షిస్తే 26టిలో మాత్రమే పైన రాసిన మోతాదు సరిగ్గా ఉంది. 18టిలో టీహెచ్‌సీ కూడా బయటపడింది. మూడు నెలల నొప్పితో అలసిపోయిన మనిషి ఆశతో కొనే సీసాలో ఏముందో తెలియకపోవడం నాకు కోపం తెప్పిస్తుంది. ఒక్క అదనపు మోతాదు నన్ను ఏ గతికి తెచ్చిందో పైన చెప్పాను.

రాసుకున్న మూడు లక్ష్యాల్లో నిద్ర దక్కింది. కుర్చీలో గంట కాదు, నలభై నిమిషాలు కూర్చోగలుగుతున్నాను. బట్టల విషయంలో మార్పు లేదు. ఇప్పటికీ లోపల మెత్తని పట్టు పొర లేకుండా ఏదీ వేసుకోలేను. ట్రమడాల్ మళ్లీ ముట్టలేదు, ప్రీగాబలిన్ మోతాదు సగమైంది, పాదాల వాపు పోయింది.

క్రితం వారం డాక్టరు గారు మోతాదు తగ్గించి చూద్దామన్నారు. సర్పి నొప్పి కాలంతో తనంత తానే నెమ్మదించవచ్చు, మందు ఇంకా అంత అవసరమో కాదో అప్పుడప్పుడూ చూడాలన్నారు. భయపడుతూనే ఒప్పుకున్నాను. ముప్పావు నుంచి అర మిల్లీలీటరుకు దిగి నేటికి ఐదు రాత్రులు. మొన్నటి అంకె ఐదున్నర, నిన్నటిది ఐదు. రాత్రి రెండుసార్లు మెలకువ వచ్చింది. ఇంట్లో వాళ్లు సిరంజి నింపి బల్ల మీద పెట్టారు. ఇప్పుడు తొమ్మిదిన్నర.